ఇంటి మీదకి ఏ రేకు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల డాబా పగుళ్ళ గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగం పైగా రేకుల గురించే ఉన్నాయి. ఇరవై ఏళ్ళకి పైగా షెడ్లూ ఇళ్ళూ కట్టించే పనిలోనే ఉన్నాను కాబట్టి నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నా. ఒకే రకం ప్రశ్నలు కలిపేశాను, ఎవరి పేర్లూ వేయలేదు.

ప్రశ్న: నమస్తే అండి. మాది పలాస దగ్గర ఉద్దానంలో ఒక పల్లె, సముద్రం మూడు నాలుగు కిలోమీటర్లు ఉంటుంది. తిత్లీ తుఫానుకి మా సిమెంటు రేకుల కప్పు మొత్తం పోయింది, అప్పట్నించీ సగం ఇంటికి టార్పాలిన్, సగం ఇంటికి అప్పట్లో దొరికిన పల్చటి రేకులు. మా ఆయన గల్ఫ్ నుంచి పంపిన డబ్బుల్తో ఇప్పుడు గోడలు ఎత్తు చేసి ఇనప రేకులు వేయిద్దాం అనుకుంటున్నాం. ఒక షాపాయన రేకు మందం 0.35 ఎంఎం చాలంటాడు, ఇంకో షాపాయన 0.50 లేకపోతే వేసుకోవద్దంటాడు. మా మావయ్య గారేమో ఏ రేకైనా గాలికి ఆగదమ్మా స్లాబే వేయండి అంటారు, స్లాబుకి మా దగ్గర అంత డబ్బు లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ మావయ్య గారి భయం ఊరికే వచ్చింది కాదు. 2018 అక్టోబరు 11 తెల్లారుజామున తిత్లీ మీ పలాస దగ్గరే తీరం దాటింది, గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, మధ్యమధ్యలో 165 దాకా. ఆ తర్వాత వారానికి నేను మీ వైపు వచ్చాను. కొబ్బరి మొదళ్ళకి రేకులు తువ్వాలు చుట్టినట్టు చుట్టుకుని ఉన్నాయి, కళ్ళారా చూశా. కానీ ఇంకోటి కూడా చూశాను, అది మీకు చెప్పాలి. చాలా ఇళ్ళకి రేకులు వాటిని మోసే ఇనప పైపుల నుంచి ఊడిపోలేదు, పైపులతో సహా మొత్తం ఫ్రేమే లేచిపోయింది, ఎందుకంటే ఆ పైపులు గోడ మీద పెట్టి పక్కన రెండు ఇటుకలు పేర్చి సిమెంటుతో పూడ్చినవి. అంటే అక్కడ తప్పు రేకుది కాదు.

గాలి కప్పుని కిందకి నొక్కుతుంది అనుకుంటారు చాలామంది, అందుకే రేకుల మీద ఇటుకలూ ఇసక బస్తాలూ పెడతారు. జోరు గాలి కప్పు మీదగా పోయేటప్పుడు పైకి లాగుతుంది, అదే టైంలో తలుపులోంచో కిటికీలోంచో లోపలికి దూరిన గాలి కింద నుంచి నెడుతుంది, రెండూ కలిసి పీకేస్తాయి. ఆ లాగుడు అన్నిచోట్లా ఒకేలా ఉండదు, మూలల్లో, చూరు దగ్గర, రిడ్జ్ (రెండు వాలులూ పైన కలిసే నడినెత్తి) దగ్గర బాగా ఎక్కువ. మీరు పెట్టే రూపాయిల్లో ముందు వాటా ఇక్కడికి వెళ్ళాలి, రేకు రంగుకి కాదు.

గోడలు ఎలాగూ ఎత్తు చేస్తున్నారు కాబట్టి పైన చుట్టూ కాంక్రీటు బెల్ట్ వేయించండి, ఆ బెల్ట్ పోసేటప్పుడే ట్రస్సు, అంటే కప్పుని మోసే త్రికోణం ఫ్రేము, కూర్చునే ప్రతి చోటా బోల్టులు లోపల కమ్మీకి కట్టి పోత పోయించండి, తర్వాత వాటి మీద బేస్ ప్లేటు (ఫ్రేము అడుగున ఉండే ఇనప పలక) పెట్టి నట్లు బిగించాలి. తర్వాత డ్రిల్ కొట్టి పెడదాంలే అని మేస్త్రి అంటాడు, ఒప్పుకోకండి. పైపుకీ పైపుకీ మధ్య దూరం నాలుగు అడుగులు దాటకూడదు, చూరు వైపు, రిడ్జ్ వైపు రెండున్నర మూడు అడుగులకే ఇంకో పైపు పడాలి. వాలు కూడా బాగా ఇవ్వండి, నడిమి నుంచి గోడకి పది అడుగులుంటే నాలుగు అడుగుల ఎత్తు ఉండాలి, పల్చటి వాలున్న కప్పునే గాలి ఎక్కువ లాగుతుంది. కుదిరితే నాలుగు వైపులా వాలు పెట్టించండి, రెండు వైపులా త్రికోణం గోడలు నిలబడి ఉండే ఇంటి కంటే అది చాలా నయం. మన ఉత్తరాంధ్ర తీరంలో పాతకాలం చుట్టిళ్ళు గుండ్రంగా, నేల దాకా వాలిన తాటాకు కప్పుతో ఉండేవి కదా, గాలికి పట్టుకోవడానికి ఒక మూలంటూ లేకుండా కట్టుకున్నారు పెద్దలు, ఆ పద్ధతి మీద నాకు చాలా గౌరవం.

చూరు ఒకటి ఒకటిన్నర అడుగు మించి బయటికి లాగొద్దు. వరండా కావాలంటే దాని కప్పు విడిగా, ఇంటి కప్పుకి కలపకుండా, వేరే స్తంభాల మీద వేయించుకోండి, అప్పుడు ఒకవేళ వరండా పోయినా ఇంటి కప్పుని తనతో పాటు పీక్కుపోదు.

ఇప్పుడు మందం సంగతి. షాపులో 0.50 అంటే రంగూ, కోటింగూ అన్నీ కలిపిన లెక్క. రెండు వైపులా పూత తీసేస్తే లోపల ఉన్న అసలు ఉక్కు 0.43 దగ్గర్లో ఉంటుంది. అదే 0.35 అన్న రేకులో ఉక్కు 0.28 దగ్గరికి వచ్చేస్తుంది. మీ ఊళ్ళో కొబ్బరిచెట్లు ఇంటి మీదకి వంగి ఉంటాయి, ఆ కాయ పడితే 0.35 రేకు గుంట పడిపోతుంది, మనిషి ఎక్కినా అడుగు కింద పల్లం పడుతుంది, స్క్రూ తల చుట్టూ రేకు చిరిగేది కూడా దీనికే. అందుకని 0.50 చెప్పిన షాపాయన మాటే నా మాట. కాకపోతే 0.50 అని చెప్పి 0.45, 0.42 అంటగట్టేవాళ్ళు ఉంటారు, కంటికి తెలీదు. దీనికి తేలిక దారి తూకం. నాలుగు అడుగుల కాయిల్‌తో చేసిన రేకు, అంటే ఎత్తుపల్లాల గీతలు వేశాక ఇంటి మీద సుమారు మూడున్నర అడుగులు కప్పే రేకు, పది అడుగుల పొడవున్నది తూకం వేస్తే 0.50 అయితే 13 కిలోల దగ్గర తూగాలి, 0.35 అయితే 9 కిలోల దగ్గరుంటుంది. షాపులో కాటా లేకపోతే పక్కన పాత ఇనుము కొట్టు వాడి దగ్గర తూయించండి, సిగ్గుపడాల్సిన పని లేదు, బియ్యం తూయించుకుంటాం కదా. మంచి కంపెనీ రేకు అయితే వెనకవైపు పేరూ, మందం, కోటింగ్ ముద్ర వేసి ఉంటుంది, అది ఫోటో తీసి పెట్టుకోండి, బిల్లు మీద కూడా అవే అంకెలు రాయించండి.

కోటింగ్‌లో రెండు రకాలు. ఒట్టి జింకు పూత ఉన్నది జీఐ. అల్యూమినియం 55 శాతం, మిగతాది దాదాపు అంతా జింకు, కాస్త సిలికాన్ కలిపింది గాల్వాల్యూమ్ అంటారు. మీకు ఉప్పుగాలి కాబట్టి గాల్వాల్యూమ్ మీద రంగు వేసింది తీసుకోండి, కోటింగ్ ఏజెడ్ 150 అని ఉండాలి, అంటే చదరపు మీటరుకి రెండు వైపులా కలిపి 150 గ్రాములు. వారంటీ కాగితంలో సముద్రం నుంచి ఎంత దూరంలో ఉంటే చెల్లుతుందో ఒక లైను ఉంటుంది, డబ్బు కట్టక ముందే ఎవరి చేతైనా అది చదివించండి.

ఇంకోటి, ఉప్పుగాలికి మొదట తుప్పు పట్టేది వాన పడే పైభాగం కాదు, వాన తగలని చూరు కింది భాగం. పైనున్న ఉప్పుని వాన కడిగేస్తుంది, చూరు కింద పేరుకున్నది అలాగే ఉండిపోతుంది. రెండు మూడు నెలలకోసారి మంచినీళ్ళ పైపు పెట్టి చూరు కింద కొట్టించండి, పది నిమిషాల పని.

స్క్రూలు రేకు ఎత్తు గీత మీద పడాలి, నీళ్ళు పారే పల్లంలో కాదు. చూరు, రిడ్జ్ వరసల్లో ప్రతి ఎత్తు గీతకీ ఒకటి, మధ్య వరసల్లో ఒకటి వదిలి ఒకటి. పొడవు రెండు అంగుళాల పైనే ఉండాలి, పొట్టి స్క్రూ పైపుని సరిగ్గా పట్టుకోదు. మీరు స్లాబు లేదని దిగులు పెట్టుకోకండమ్మా, ఇవన్నీ దగ్గరుండి చేయించుకుంటే మీ కప్పు నిలబడుతుందనే నా నమ్మకం. తుఫాను కబురు వస్తే మాత్రం కప్పుని నమ్ముకుని ఇంట్లో ఉండిపోవద్దు, అధికారులు షెల్టర్‌కి రమ్మంటే అత్తమామల్ని, పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోండి.

ప్రశ్న: సార్, మాది జగిత్యాల దిక్కు. మా తాత కట్టిన గూన పెంకుల ఇల్లు, ఎండకాలం సల్లగ ఉంటది గని కోతులు బతకనిస్తలేవు, ఏడాదికి రెండు సార్లు పెంకులు సదురుడు, సదిరేటోళ్ళు గూడ ఇప్పుడు దొరుకుతలేరు. రేకులు ఏద్దామంటే మా అమ్మ ఆ సెగకి నేను ఉండలేను బిడ్డా అంటున్నది. రేకులు ఏసి గూడ సల్లగ ఉండాలంటే ఏమన్న ఉపాయం ఉన్నదా?

జవాబు: తమ్ముడూ, కోతుల బాధకి పెంకుటిళ్ళు పోతుంటే నాకు నిజంగా మనసుకి కష్టంగా ఉంటుంది, మీ వైపు ఒకప్పుడు వీధికి వీధి గూన పెంకులే ఉండేవి. కానీ ప్రతి వానాకాలం కురిసే ఇంట్లో ఉండమని నేను చెప్పలేను.

మీ అమ్మ గారి మాట నూటికి నూరు పాళ్ళు నిజం, ఒంటి రేకు వేసి కింద ఏమీ పెట్టకపోతే మధ్యాహ్నం ఆ గదిలో ఉండలేరు. కాలిన రేకు గాలిని వేడి చెయ్యడమే కాకుండా పెనం మీద చెయ్యి పెట్టకుండానే సెగ తగిలినట్టు కింద ఉన్న మనిషికి నేరుగా సెగ కొడుతుంది, ఫ్యాన్ వేసినా అందుకే లాభం ఉండదు. కాకపోతే పల్చటి రేకుకి ఒక మంచి గుణం ఉంది, పొద్దు గూకాక తొందరగా చల్లారిపోతుంది. స్లాబు రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతూ ఉంటుంది.

అందుకని చెయ్యాల్సింది మధ్యాహ్నం సెగని ఆపడం. రంగు తెల్లదో లేత క్రీమో తీసుకోండి. ముదురు నీలం, ఎర్ర ఇటుక రంగు చూడ్డానికి బాగుంటాయి, ఎండని తాగేస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీలో ఉన్నది కూడా ఇదే సూత్రం, ఎండని తిప్పికొట్టే కప్పు. తర్వాత రేకు కింద ఖాళీ వదిలి సీలింగ్ వేయించండి, ఆ ఖాళీలో చేరే వేడి గాలి పోవడానికి చూరు దగ్గర లోపలికి దారి, పైన రిడ్జ్ దగ్గర బయటికి దారి రెండూ ఉండాలి. ఒక్కటే పెడితే గాలి కదలదు. ఆ దారులకి సన్నటి జాలీ కొట్టించండి, లేకపోతే ఎలకలు, పిచ్చుకలు, గబ్బిలాలు. మెరిసే ఫాయిల్ అమ్ముతారు, అది బాగా పనిచేస్తుంది గాని రేకుకి ఆనించి అంటిస్తే దండగ, మెరిసే వైపు కనీసం అంగుళం గాలి ఖాళీ ఉండాలి. డబ్బు ఉంటే రెండు రేకుల మధ్య నురగ ఉండే పఫ్ ప్యానెల్, 50 ఎంఎంది వేసుకోండి, వేడీ వాన చప్పుడూ రెండూ బాగా తగ్గుతాయి. ఈ నురగలూ, థర్మోకోల్ సీలింగులూ మంటకి అంటుకునేవి, కాబట్టి వాటి దగ్గర పోయే కరెంటు వైర్లు అన్నీ పైపులోనే పోవాలి, విడి వైరు ఒక్కటి కూడా ఉండకూడదు.

గోడలు ఎంత ఎత్తున్నాయో రాయలేదు. పాత ఇళ్ళకి చూరు చాలా కిందకి ఉంటుంది, రేకు వేసేటప్పుడు చూరు దగ్గర పది అడుగులు వచ్చేలా పెంచండి, సెగలో చాలా తేడా తెలుస్తుంది. మీ తాత గారి కాలం టేకు దూలాలు, వాసాలు ఉంటే పారేయకండి, చెద చూసుకుని మంచివి వాడుకోండి, కాకపోతే పాత వాసాలు వంకరగా ఉంటాయి, వాటి మీద నేరుగా రేకు పరిస్తే ఎగుడుదిగుడుగా కూర్చుని ఒక రేకు మీదకి ఇంకో రేకు ఎక్కే చోట (ల్యాప్) నోరు తెరుస్తుంది. వాసాల మీద తిన్నగా ఇనప పైపులు పరిచి వాటికి రేకు బిగించండి. ఇంకా చల్లదనం కోసం సొరపాదో బీరపాదో రేకుల మీదకి పాకించడం మన ఇళ్ళల్లో అలవాటే, పెంకులకి బాగుండేది గాని రేకుకి వద్దు, ఆ ఆకుల కింద తడి ఆరక రెండు మూడేళ్ళలో పూత పోయి తుప్పు మొదలవుతుంది. పాదుకి పక్కన పందిరి వేయండి. కోతులు దూకితే చప్పుడు మాత్రం తప్పదు, 0.50 రేకైతే ఆ దూకుడుకి అంత తేలిగ్గా సొట్టలు పడవు.

ప్రశ్న: మాది విజయవాడ, డాబా కారుతోంది, వాటర్‌ప్రూఫింగ్ రెండుసార్లు చేయించినా ఆగలేదు. పైన మొత్తం రేకుల షెడ్డు వేసేస్తే ఒక్కసారికి పీడ పోతుంది అంటున్నారు, నిజమేనా?

జవాబు: చాలావరకు నిజమే, కానీ షెడ్డు స్తంభాల కోసం స్లాబులో పదహారు బొక్కలు కొట్టి కొత్తగా పదహారు చోట్ల కారించుకున్న ఇళ్ళు కూడా చూశా. స్తంభం స్లాబు మధ్యలో దిగకూడదు, కింద పిల్లర్ ఎక్కడుందో దాని నెత్తి మీదే చిన్న కాంక్రీటు దిమ్మె కట్టి దాని మీద బేస్ ప్లేటు దిగాలి, దిమ్మె చుట్టూ మూల బాగా పూయించాలి. నాలుగు వైపులా తెరిచి ఉన్న డాబా షెడ్డు అంటే గాలికి విప్పి పట్టుకున్న గొడుగే. గాలి లెక్కలకి మనదేశంలో వాడే ప్రమాణంలో విజయవాడకి సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు పెట్టారు, హైదరాబాదుకి 44, అంటే 158. వెల్డింగ్ కుర్రాడి అంచనా మీద కాకుండా ఒకసారి ఇంజనీరుకి చూపించి పైపు సైజులు రాయించుకోండి. మున్సిపాలిటీలో అనుమతి సంగతి కూడా ముందే కనుక్కోండి. వాననీళ్ళు పక్కింటి గోడ మీద పడకుండా గట్టర్ పెట్టి మీ ఇంకుడు గుంతలోకి దించండి, దీని మీద తగువులు పడి మాటలు మానేసిన అన్నదమ్ముల్ని చూశాను.

ప్రశ్న: కాకినాడ నుంచి రాస్తున్నా అండి. కలర్ రేకులు వేయించి ఏడాది కూడా కాలేదు, అప్పుడే రేకు నిండా సన్నటి ఎర్ర చుక్కలు, స్క్రూల చుట్టూ తుప్పు. షాపుకెళ్తే మీకు సముద్రపు గాలండి అంటున్నాడు. మోసపోయామా?

జవాబు: ఫోటోలు పంపి మంచి పని చేశారు. మీ చుక్కలు నేను మొదటిసారి మా సొంత ఇంటి వరండా మీదే చూశాను. రేకులు వేసే రోజు పొడవు ఎక్కువైన రేకుల్ని పైనే కూర్చుని గ్రైండర్‌తో కోశారు, నిప్పురవ్వలు మతాబు కాల్చినట్టు పడుతుంటే నేను కింద నిలబడి చూస్తున్నా, ఏమీ అనలేదు, తెలీదు అప్పటికి. రెండ్రోజులు మంచు పడింది, మూడో రోజు ఎక్కి చూస్తే తెల్ల రేకు మీద ఆవాలు చల్లినట్టు ఎర్ర చుక్కలు, వేలితో రాస్తే గరగరా ఉప్పుకాయితం లాగా తగిలింది. ఆ రవ్వలన్నీ కాలుతున్న ఇనప రజను, రంగులో కూరుకుపోయి తడికి అవే ముందు తుప్పు పట్టాయి. అంటే మీ రేకు చెడ్డది అని అప్పుడే అనుకోకండి.

ఇప్పుడేం చెయ్యాలంటే మెత్తటి బ్రష్షు, సబ్బు నీళ్ళతో నెమ్మదిగా కడిగించి మంచినీళ్ళు కొట్టండి. స్టీలు పీచు, ఉప్పుకాయితం పెట్టి రుద్దొద్దు, ఉన్న రంగు కూడా పోతుంది. కడిగాక కూడా చుక్క ఉండిపోయిన చోట మాత్రం అదే రంగు టచప్ పెయింట్ సన్నటి కుంచెతో చుక్క వరకే పెట్టండి. కోసిన అంచుల దగ్గర కాస్త ఇనుము కనపడినా కంగారు పడక్కర్లేదు, పక్కనున్న జింకు తను ముందు అరిగిపోతూ ఇనుముని కాపాడుతుంది, ఆ లోహం గుణమే అది. అయితే గ్రైండర్‌తో కోసిన అంచు వేడికి పూత కాలిపోతుంది, అక్కడ ఆ రక్షణ ఉండదు. అందుకే రేకుని కత్తెరతోనో రేకులు కోసే నిబ్లర్‌తోనో కోయాలి, అసలు కొలత సరిగ్గా ఇచ్చి ఫ్యాక్టరీలోనే పొడవు కోయించుకుంటే ఇంటి దగ్గర కోత పనే ఉండదు.

స్క్రూల తుప్పు మాత్రం స్క్రూల నాణ్యతే. మొత్తం రేకుల ఖర్చులో స్క్రూలది చాలా చిన్న వాటా, అయినా మన వాళ్ళు బేరం అక్కడే ఆడతారు, దీని మీద నాకు ఎప్పుడూ బాధే. ఒక్కోటి తీసి ఒక సైజు లావుది, మంచి పూత ఉన్నది, ఈపీడీఎం రబ్బరు వాషరుతో వేయించండి. బిగించేటప్పుడు దగ్గర్నుంచి చూడండి, రబ్బరు ఇనప వాషరు అంచు దాకా సమంగా ఉబ్బితే చాలు, బయటికి నలిగి పొంగితే ఎక్కువ బిగించినట్టు, ఎండకి ఆ రబ్బరు చీలి అక్కడే కారుతుంది.

గాల్వాల్యూమ్ రేకు మీద కొలతలు గీయడానికి మామూలు పెన్సిల్ వాడొద్దు, ఆ గీత వెంబడే పూత తినేస్తుంది, మార్కర్ పెన్ వాడమనండి. ఏసీ రాగి పైపు నుంచి కారే నీళ్ళు రేకు మీద పడకూడదు, పక్క గోడ ప్లాస్టరింగ్ చేసేటప్పుడు పడ్డ తడి సిమెంటు ఆరక ముందే కడిగెయ్యాలి, రెండూ పూతని తినేసేవే.

ప్రశ్న: అనంతపురం జిల్లా. నలభై మేకలకి షెడ్డు వేస్తున్నాం, ఇంటికి తెచ్చిన గాల్వాల్యూమ్ రేకులు కొన్ని మిగిలాయి, అవే వేసేయొచ్చా?

జవాబు: మూసి ఉండే కొట్టానికి వద్దన్నా. మూత్రం, పెంట నుంచి లేచే అమ్మోనియా ఆవిరి అల్యూమినియం కలిసిన పూతని కింద నుంచి తింటుంది, చాలా కంపెనీల వారంటీ కూడా పశువుల షెడ్లకి వర్తించదు. నాలుగు వైపులా తెరిచి, ఎత్తుగా, గాలి బాగా ఆడేలా ఉంటే మిగిలిన రేకులు వేసుకోండి, నేల రోజూ ఊడ్పించండి. యూరియా బస్తాలు కూడా రేకుకి ఆనించి పెట్టకండి.

ప్రశ్న: గుంటూరు దగ్గర మా అత్తగారింటికి ముప్పై ఏళ్ళ నాటి సిమెంటు రేకులు ఉన్నాయి, తీసేసి ఇనప రేకులు వేస్తున్నాం. పాతవి పగలగొట్టి పునాదిలో వేస్తే సరిపోతుందా?

జవాబు: అమ్మా, దయచేసి పగలగొట్టొద్దు. ఆ పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ నార ఉంటుంది, పగిలినా కోసినా కంటికి కనపడని సన్నటి పోగులు గాల్లోకి లేస్తాయి, ఊపిరితిత్తుల్లో దిగితే ఏళ్ళ తరవాత కాన్సరు దాకా పోవచ్చు, అన్ని రకాల ఆస్బెస్టాసూ కాన్సరు కారకమే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఇంటి మీద కదలకుండా ఉన్నంతసేపు అంత ప్రమాదం లేదు, తీసేటప్పుడే జాగ్రత్త. ముందు నీళ్ళతో బాగా తడిపి, బోల్టులు విప్పి, రేకుని రేకులాగే చేతులు మార్చుకుంటూ కిందకి దించండి, పైనుంచి పడెయ్యొద్దు. పనివాళ్ళకి గుడ్డ కట్టుకుంటే చాలదు, ఎన్95 కూడా చాలదు, పీ100 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం మాస్కులు మీరే కొనివ్వండి. పిల్లల్ని ఆ రోజు వేరే ఇంటికి పంపండి. పడిన పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తి, ఆ గుడ్డతో సహా మందపాటి ప్లాస్టిక్ సంచిలో కట్టండి. పాత ముక్కల్ని పొయ్యి చుట్టూ దడిగానో, కోళ్ళ గూటికో, బాత్రూం గోడకో వాడొద్దు. ఎక్కడ వెయ్యాలో మీ పంచాయతీ వాళ్ళని అడిగే పంపించండి.

ప్రశ్న: మాది నిజామాబాద్. ఇనప రేకులు వేస్తే పిడుగు పడుతుంది అంటున్నారు మా ఇంట్లో, నిజమా? మా బస్తీలో ఒకామె బట్టలు ఆరేస్తూ రేకుల షెడ్డుకి కరెంట్ వచ్చి చనిపోయింది, అప్పట్నించి మా ఇంట్లో అందరికీ భయం.

జవాబు: ఆమె సంగతి చదివి చాలా బాధేసింది. ప్రతి వానాకాలం ఇలాంటి వార్త ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంటుంది. పిడుగు రేకుని చూసి వచ్చి పడదు, చుట్టుపక్కల ఎత్తుగా ఏది ఉందో ఎక్కువగా దాని మీద పడుతుంది. రేకుల ఇంటికి ఎక్కువ భయపడాల్సింది ఇంటి కరెంటుకే. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు రేకు అంచుకి ఆనుకుని ఉంటుంది, గాలికి ఊగి ఊగి ఆ అంచు కత్తిలా వైరు తొడుగుని కోసేస్తుంది, ఒకరోజు కప్పు మొత్తానికి, దాన్ని మోసే పైపులకి, ఆ పైపుకి కట్టిన దండెం తీగకి కరెంటు వచ్చేస్తుంది. తడి బట్ట, తడి నేల, ఉత్త కాళ్ళు.

అందుకని ఇవాళే ఎక్కి చూడకుండా కిందనుంచే చూడండి, వైరు రేకుని తాకుతుంటే కరెంటాఫీసుకి చెప్పి పైకెత్తించండి, గోడలోంచి వచ్చే చోట ప్లాస్టిక్ పైపులోంచి తీయించండి. దండేనికి ఇనప తీగ తీసేసి నైలాన్ తాడు కట్టండి, అదీ రేకు పైపులకి కాకుండా చెట్టుకో విడి గుంజకో. ఫ్రేము మొత్తానికి రెండు మూలల్లో ఎర్తింగ్ ఇప్పించండి, పిడుగు పడినా ఆ దారిన నేలలోకి పోవడానికి ఇదే ఉపయోగపడుతుంది. మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి, మనిషి ఒంట్లోంచి కరెంటు నేలలోకి పోవడం మొదలవగానే రెప్పపాటులో కొట్టేస్తుంది. అయితే ఇది మీటరు తర్వాత ఇంటి వైరింగుకే పనిచేస్తుంది, బయట సర్వీసు వైరు తొడుగు తెగితే ఆపలేదు, అందుకే ఆ వైరు సంగతి ముందు రాశాను. ఎవరికైనా పట్టుకుంటే పరుగెత్తి వెళ్ళి లాగొద్దు, ముందు మెయిన్ ఆపండి, ఆపినా రేకులో కరెంటు పోకపోతే అది బయట వైరు నుంచి వస్తున్నట్టు, ఎవర్నీ దగ్గరికి పోనివ్వకుండా కరెంటాఫీసుకి ఫోన్ చెయ్యండి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కండి, నొక్కగానే టక్కున పడిపోవాలి, పడకపోతే ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మార్పించండి.